తీసుకోకూడని మజ్జిగ

ఈత, సైకిల్, పరుగు కలిసిన రేసుకి ముందు రోజు సాయంత్రం చెన్నై దగ్గరి కోవళంలో బ్రీఫింగ్ పెట్టారు. చెప్పిన ప్రతి రూలూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఆడిట్ ఆఫీసులో పని, రాసుకోకపోతే చేతులు ఊరుకోవు. హెల్మెట్ బకిల్ పెట్టుకున్నాకే స్టాండు మీదున్న సైకిల్ ముట్టుకోవాలి. ముందు పోయే సైకిల్‌కి 12 మీటర్లు ఎడంగా ఉండాలి. ఈదుతూ అలిసిపోతే కాపలా ఉండే చిన్న పడవ, కయాక్, పట్టుకుని ఆగొచ్చు కానీ అది మనల్ని ముందుకి లాక్కెళ్ళకూడదు. బయటివాళ్ళ చేతి నుంచి ఏమీ తీసుకోకూడదు, తిండైనా నీళ్ళైనా రేసువాళ్ళు పెట్టిన టేబుళ్ళ మీదవే. ఈ చివరి రూలు ఇంట్లో చెప్పడం మర్చిపోయాను. ఆ సంగతి తర్వాత.

హాఫ్ డిస్టెన్స్ ట్రయథ్లాన్ అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు, ఒకదాని వెంట ఒకటి. మధ్యలో షూ వేసుకునే టైము కూడా లెక్కలోకే వస్తుంది. అన్నీ కలిపితే 113 కిలోమీటర్లు. మైళ్ళలో 70.3. 1978లో హవాయిలో మొదలైన ఐరన్‌మ్యాన్‌లో ఇది సరిగ్గా సగం. ఆ మొదటి రేసులో 15 మంది దిగితే 12 మంది పూర్తి చేశారు. ఈ సగం అనే మాటే నన్ను మోసం చేసింది. పూర్తిది మనవల్ల కాదు కానీ సగమైతే చూద్దాం అనిపిస్తుంది. చీరల షాపులో సగం రేటు బోర్డు చూసి లోపలికి వెళ్ళినట్టే ఇదీను.

నాకు 44 ఏళ్ళు. పుట్టింది నెల్లూరు, పెళ్ళయ్యాక చెన్నై, ఇల్లు తిరువాన్మియూర్‌లో. బెసంట్ నగర్ బీచ్ రోడ్డు మీద మూడేళ్ళు పరిగెత్తాక మోకాలు మొరాయించింది. కొన్నాళ్ళు పరుగు తగ్గించి సైకిల్ తొక్కండి, ఈత కొట్టండి అని ఫిజియోథెరపిస్ట్ చెప్పారు. మోకాలు నాలుగు నెలల్లో బాగైంది. నాకు మాత్రం రెండు కొత్త పిచ్చిలు పట్టుకున్నాయి. మూడూ కలిపి చేసే రేసు ఒకటి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద సంక్రాంతి తర్వాత ఉందని తెలిసి, మే నెలలో డబ్బు కట్టేశాను. మా ఆయన రసీదు చూసి ‘రీఫండ్ ఉందా?’ అని మాత్రం అడిగారు. లేదు.

పరుగు వచ్చు. సైకిల్ చిన్నప్పటి నుంచీ తొక్కినదే. ఈత మాత్రం గండం. నెల్లూరు వాళ్ళకి సముద్రం అంటే మైపాడు. మా అమ్మ నన్ను అక్కడ ఏనాడూ మోకాలి లోతు దాటనివ్వలేదు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, నా జడ ఇంకో చేత్తో పట్టుకుని నిలబడేది. అలాంటి దాన్ని 43వ ఏట వేళచ్చేరి అక్వాటిక్ కాంప్లెక్స్‌లోని 50 మీటర్ల కొలనులో దిగితే, మొదటి రోజు సగం దూరానికే రైలింగ్ పట్టుకుని రొప్పాను.

తప్పు చేతుల్లోనో కాళ్ళలోనో ఉందనుకున్నాను. ఊపిరిలో ఉందని కోచ్ సార్ తేల్చారు. నీళ్ళలో తల పెట్టగానే ఎవరైనా ఊపిరి బిగపట్టేస్తారు. తల పక్కకి తిప్పినప్పుడు పాత గాలి వదిలి కొత్తది పీల్చాలంటే ఆ అర సెకను చాలదు. లోపల పాత గాలి మిగిలిపోయి, గుండెలు నిండుగా ఉన్నా ఊపిరి ఆడనట్టు ఉంటుంది. నీళ్ళలో ఉండగానే ముక్కుతో బుడగలు బుడగలుగా వదిలేస్తే, పైకి తిరిగినప్పుడు పీల్చడం ఒక్కటే పని. చెప్పడానికి ఇంతే. నాకు మూడు వారాలు పట్టింది. రాత్రి గిన్నెలు తోముతూ కూడా ముక్కుతో బుస్సుమంటుంటే మా అబ్బాయి భయపడ్డాడు. దీపావళికల్లా 38 పొడవులు, అంటే 1900 మీటర్లు, ఆగకుండా కొట్టగలిగాను.

కొలనులో అడుగున నల్లటి గీత ఉంటుంది. సముద్రంలో ఏమీ ఉండదు. ఎటు పోతున్నామో తెలియాలంటే ఏడెనిమిది బారలకోసారి మొసలిలా కళ్ళు మాత్రం పైకి లేపి బోయా, అంటే నీళ్ళ మీద తేలే గుర్తు, ఎక్కడుందో చూసుకోవాలి. తల ఎక్కువ ఎత్తితే కాళ్ళు మునుగుతాయి, వేగం పోతుంది. డిసెంబరు చివర్లో వానలు తగ్గాక కోవళంలో ఆరుసార్లు ప్రాక్టీసు చేశాను. వలలు బాగుచేసుకుంటూ కూర్చునే ఒక అన్న, అలకి ఎదురు నిలబడొద్దు, కిందనుంచి దూరిపో అని చేత్తో చూపించాడు. విరిగే అల ముందు మునిగి ఇసకలో చేతులు గుచ్చి ఒక్క క్షణం ఉంటే, అల వీపు మీదుగా వెళ్ళిపోతుంది. నిలబడితే మాత్రం ఎత్తి పడేస్తుంది. రెండూ చేసి చూశాను కాబట్టే చెప్తున్నాను.

సైకిల్ ట్రైనింగ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్, శనివారాలు తెల్లవారుజామున ముట్టుకాడు వంతెన దాకా వెళ్ళి రావడం, తిరిగొచ్చేటప్పుడు టీ. రేసుకి రెండు నెలల ముందు నుంచి దిగీ దిగగానే పరిగెత్తడం కూడా కలిపాను. దీన్ని బ్రిక్ అంటారు. మూడు గంటలు గుండ్రంగా తిరిగిన కాళ్ళకి నేల మీద అడుగు వెయ్యడం గుర్తుండదు. మొదటి కిలోమీటరు ఎవరివో అరువు కాళ్ళతో పరిగెత్తినట్టు ఉంటుంది. బ్రిక్ అంటే ఇటుక, ఆ పేరు ఊరికే పెట్టలేదు.

తిండికి ఎక్సెల్ షీట్ వేసుకున్నాను. ఎనిమిది గంటల పని, ఒంట్లో దాచుకున్న శక్తి అంతసేపు చాలదు. గంటకి 60 గ్రాముల దాకా పిండి పదార్థం లోపలికి వెళ్తూ ఉండాలి. చక్కెర పాకంలాంటి జెల్ ప్యాకెట్ ఒకటి సుమారు 25 గ్రాములు, ఒక అరటిపండు కూడా ఇంచుమించు అంతే. మూడు ఖర్జూరాలు, ఒక నువ్వుండ, ఇలా గంటల వారీగా గడులు. ప్రతి జెల్ తర్వాత మంచినీళ్ళే తాగాలి అని ఎర్ర అక్షరాల్లో రాసుకున్నాను. ఆ ఎర్ర అక్షరాలు కూడా గుర్తుంచుకోండి.

సంక్రాంతి అయ్యాక రెండో ఆదివారం రేసు. అమ్మ నెల్లూరు నుంచి పండక్కి వచ్చి ఉండిపోయింది. ‘సముద్రంలో దిగుతావంటనే?’ అని ఒక్కసారి అడిగి, నేను అవునంటే ఇంకేం మాట్లాడలేదు. అలా మాట్లాడకపోవడమే నాకు ఎక్కువ టెన్షన్.

ఆరున్నరకి స్టార్ట్. వెలుతురు వచ్చింది కానీ సూర్యుడు ఇంకా నీళ్ళలోంచి లేవలేదు. వెట్‌సూట్ లేదు. నీళ్ళు 24.5 డిగ్రీలు దాటితే వేసుకోనివ్వరు, జనవరిలో కూడా మన సముద్రం అంతకంటే వెచ్చగానే ఉంటుంది. నారింజ రంగు బోయాల చుట్టూ రెండు రౌండ్లు, ఒక్కోటి 950 మీటర్లు. మధ్యలో ఒడ్డుకొచ్చి, ఇసక మీద పరిచిన టైమింగ్ చాప మీదుగా పరిగెత్తి, మళ్ళీ దిగాలి. ఆ మళ్ళీ దిగడం అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ మనిషి మనసు బాగా చదివినవాళ్ళే.

మొదటి రెండు అలలు అన్న చెప్పినట్టే కిందనుంచి దూరాను. మూడోదాని తర్వాత పైకి తేలేసరికి ఎవరి మడమో వచ్చి కళ్ళద్దాలకి తగిలింది. ఎడమ కంట్లోకి ఉప్పునీళ్ళు. కళ్ళద్దాలు సరిచేసుకుందామని ఆగితే వెనకవాళ్ళు కాళ్ళ మీదకి ఎక్కేశారు. ఒక గుక్క మింగాను. ఎనిమిది నెలలు నేర్చుకున్న బుడగలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఊపిరి బిగపట్టేశాను. ఒడ్డు వంద మీటర్ల దూరంలో ఉంది. ఒడ్డున మా అమ్మ ఎక్కడో నిలబడి ఉంది. జడ ఎవరో పట్టుకుంటే బాగుండు అనిపించింది, నిజంగా.

చెయ్యి ఎత్తాను. కయాక్ వచ్చింది. దాని మీద ఉన్నది కోవళం జాలరిపేట కుర్రాడు, ఇరవై కూడా ఉండవు. ‘ఒణ్ణుమిల్లక్కా, మెల్ల మెల్ల’ అన్నాడు, ఏం కాదక్కా, మెల్లగా అని. తెలుగులో చెప్పినా అంత బాగా అర్థమయ్యేది కాదేమో. ముందుకొస తాడు పట్టుకుని ఇరవై ఊపిర్లు లెక్కపెట్టాను. పదిహేనో ఊపిరికి చుట్టూ చూస్తే, నా లాగే ఇంకో కయాక్‌ని పట్టుకుని ఒకాయన వేలాడుతున్నాడు. బాగా కండలు తిరిగిన మనిషి. ఇద్దరం ఒకర్నొకరు చూసుకుని తలాడించుకున్నాం, డెంటిస్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నవాళ్ళలా. ఎందుకో తెలియదు, దాంతో గుండె దడ తగ్గింది.

అల విరిగే చోటు దాటాక సముద్రం అసలు వేరే మనిషి. ఉయ్యాలలా ఊపుతుందే తప్ప కొట్టదు. ఉప్పునీళ్ళలో కొలనులో కంటే ఒళ్ళు తేలిగ్గా తేలుతుంది కూడా. ఎడమ వైపు ఊపిరి తీసుకున్నప్పుడల్లా సూర్యుడు కొంచెం కొంచెం పైకి వస్తూ కనిపించాడు. రెండో బోయా దగ్గర ముంజేతికి ఏదో బంకలా తగిలి చురుక్కుమంది. ఇక్కడి జాలర్లు సొరి అనే జెల్లీఫిష్. మంట పరుగయ్యేదాకా ఉంది, కానీ అప్పటికి పట్టించుకునే మూడ్‌లో లేను. మొదటి రౌండు 33 నిమిషాలు. ఒడ్డుకొచ్చి ఇసక మీద నాలుగడుగులు వేసి, ఇంకేం ఆలోచించకుండా మళ్ళీ దిగాను. ఆలోచిస్తే దిగేదాన్ని కాదు. రెండోది 30. మొత్తం గంటా మూడు నిమిషాలు, కటాఫ్ గంటా పది. నీళ్ళలోంచి లేచాక ఇసక అటూ ఇటూ ఊగింది. నేను ఊగుతున్నానని మా అబ్బాయి తర్వాత చెప్పాడు.

కాళ్ళకంటిన ఇసక సీసా నీళ్ళతో కడుక్కుని, సాక్సు, షూ, హెల్మెట్, బకిల్. ఏడు నిమిషాలు. బాగా చేసేవాళ్ళు దీన్ని రెండు నిమిషాల్లో ముగిస్తారు. నేను వేలి సందుల్లో ఇసక పోయిందా లేదా అని రెండుసార్లు చూసుకున్నాను. 21 కిలోమీటర్లు ఆ పాదాల మీదే పరిగెత్తాలి కదా.

సైకిల్ కోవళం నుంచి దక్షిణంగా, మహాబలిపురం దాటి 22.5 కిలోమీటర్ల దగ్గర యూ టర్న్, మళ్ళీ వెనక్కి, ఇలా రెండుసార్లు. తిరువిడందై దాటుతుంటే నిత్యకల్యాణ పెరుమాళ్ గుడి వైపు మనసులోనే దణ్ణం పెట్టాను. పెళ్ళి కుదరనివాళ్ళు మొక్కుకునే స్వామి. నా కోరిక వేరే అయినా వినకపోతాడా అని. రోడ్డు బల్లపరుపు, కుడివైపు సరుగుడు తోటలు, ఎడమవైపు మధ్యమధ్యలో సముద్రం. నా మీటరులో గంటకి 29, 30 కనిపిస్తున్నాయి. ట్రైనింగ్‌లో ఎప్పుడూ 25 దాటలేదు. టేపరింగ్ అంటే ఇదే కాబోలు, వారం రోజులు రెస్ట్ తీసుకుంటే ఒళ్ళు ఇలా తయారవుతుందా అని మురిసిపోయాను. సాళువన్‌కుప్పం దగ్గర ఒకాయన్ని దాటేశాను కూడా. ఆయన నవ్వాడు. ఎందుకు నవ్వాడో యూ టర్న్ తిరగగానే తెలిసింది.

జనవరిలో చెన్నై తీరం మీద వీచేది ఈశాన్యం గాలి. దక్షిణానికి పోతున్నంతసేపూ అది వీపు మీద చెయ్యి వేసి తోసింది. ఆ తోపుని నా బలం అనుకున్నాను. తిరిగేసరికి అదే చెయ్యి రొమ్ము మీదకి వచ్చింది. 29 కాస్తా 21కి పడిపోయింది. వెళ్ళేటప్పుడు 47 నిమిషాలు, వచ్చేటప్పుడు గంటా రెండు. ఎనిమిది నెలలు అదే రోడ్డు మీద తొక్కి కూడా నాకిది ఎందుకు తెలియలేదంటే, నేను తెల్లవారుజామున వెళ్ళి ఏడింటికల్లా టీ కొట్టు దగ్గర ఉండేదాన్ని. ఎండెక్కిన కొద్దీ గాలి పెరుగుతుంది. టీ తాగే టైముకి పెరిగే గాలి గురించి టీ తాగేవాళ్ళకి తెలియదు.

పైగా ఈ రేసులో ఇంకొకరి వెనక దాక్కోవడానికి లేదు. ఆ 12 మీటర్ల రూలు దానికే. ముందు సైకిల్ నీడలో పోతే గాలి దెబ్బ బాగా తగ్గుతుంది, అది ఒప్పుకోరు. హ్యాండిల్ మీదకి వంగి, మోచేతులు దగ్గరికి పెట్టి, నెమ్మేలిలో ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటు ఎప్పుడొస్తుందా అని చూస్తూ తొక్కడమే. ఒక్కోసారి అది నాతో పాటే ఉత్తరానికి జరుగుతోందా అనిపించింది.

రెండో రౌండు తిరుగు ప్రయాణంలో, వడనెమ్మేలి మొసళ్ళ పార్కు దగ్గర, వెనక చక్రం మెత్తబడింది. ముందు ఒప్పుకోలేదు. గాలి వల్లే బరువుగా ఉందిలే అనుకుంటూ ఇంకో రెండొందల మీటర్లు పోయాను. రిమ్ము రోడ్డుకి తగిలిన చప్పుడు విన్నాక దిగాను.

పంక్చర్ మార్చడం ఇంట్లో హాల్లో ఫ్యాను కింద పదిసార్లు చేశాను, ఎనిమిది నిమిషాలు. రోడ్డు పక్కన చెమట చేతులతో వేరే కథ. టైర్ లివర్ రెండుసార్లు జారింది. పాత ట్యూబు లాగేశాక కొత్తది వెంటనే పెట్టకూడదు. గుచ్చుకున్నది ఇంకా టైరులోనే ఉంటే కొత్త ట్యూబూ ఐదు నిమిషాల్లో పోతుంది. టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడుముకుంటూ పోయాను. ఒకసారి చుట్టూ తిరిగినా ఏమీ దొరకలేదు. రెండోసారి చూపుడు వేలికి చురుక్కుమంది. వెంట్రుక మందం ఇనుప తీగ, లారీ టైర్లు చిరిగినప్పుడు రోడ్డు మీద రాలేది. గోళ్ళతో రాలేదు, పళ్ళతో పట్టి లాగాను. టైరు రుచి ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలుసు.

పక్కనే కొబ్బరి బోండాల బండి అతను అంతా చూస్తూనే ఉన్నాడు. చేతిపంపు కొడుతుంటే నా ముఖం చూసి ఒక బోండాం చెక్కి, గొట్టం పెట్టి అందించాడు. తీసుకోకూడదన్నా అని తమిళంలో చెప్పాను. డబ్బులు వద్దులే అన్నాడు. డబ్బుల గురించి కాదని చెప్పేంత తమిళం నాకు వచ్చు కానీ, అంత టైము లేదు. సైకిలెక్కి వెనక్కి చూస్తే ఆ బోండాం అతనే తాగుతున్నాడు.

14 నిమిషాలు పోయాయి. ఇక్కడే అసలు తప్పు చేశాను. పన్నెండింటికల్లా సైకిల్ అప్పజెప్పకపోతే రేసు అక్కడితో సరి. కంగారులో గడుల లెక్కంతా వదిలేసి, పోయిన టైము తిండితో రాబట్టుకోవచ్చన్నట్టు రెండు జెల్స్ ఒకేసారి పిండుకున్నాను. మంచినీళ్ళ సీసా ఖాళీ. ఎలక్ట్రోలైట్ సీసా ఎత్తి సగం తాగేశాను. ఎర్ర అక్షరాలు అప్పుడు గుర్తు రాలేదు. చిక్కటి చక్కెర పాకం మీద ఇంకో చక్కెర నీళ్ళు. నెత్తురంతా కాళ్ళకీ చర్మానికీ పరిగెడుతున్నప్పుడు కడుపుకి దాన్ని అరిగించుకునే ఓపిక ఎక్కడుంటుంది? అదలాగే కుండలో నీళ్ళలా కూర్చుంది.

11 గంటల 47 నిమిషాలకి సైకిల్ స్టాండుకి తగిలించాను. అంటే 13 నిమిషాల ముందు. మా ఆయన కంచెకి అవతల నిలబడి వేళ్ళతో పదమూడు చూపించడానికి అవస్థ పడుతున్నారు.

పరుగు కోవళం ఊళ్ళోంచి, చర్చి పక్కగా, బీచ్ వెంట, ఏడేసి కిలోమీటర్ల మూడు రౌండ్లు. 11:53కి మొదలుపెట్టాను. మూడింటికి గేటు మూసేస్తారు. మామూలుగా నాకు హాఫ్ మారథాన్ రెండు గంటల ఇరవై నిమిషాలు, కాబట్టి లెక్క ప్రకారం బోలెడు టైము. లెక్కలతో పొట్ట పోసుకునేదాన్నే అయినా లెక్కని ఇంకోసారి నమ్మను.

అరువు కాళ్ళు రెండు కిలోమీటర్లకి నావయ్యాయి. కానీ అడుగు పడ్డప్పుడల్లా కడుపులో నీళ్ళు గళగళమంటున్నాయి. చర్చి మలుపు దగ్గర, ఒక ఇంటి అరుగు నీడలో, ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. పక్కన మా అబ్బాయి. అమ్మ చేతిలో తడిగుడ్డ చుట్టిన స్టీలు సీసా. నేను కనబడగానే లేచి, మూత తీసి, రోడ్డు మీదకి వచ్చి చెయ్యి చాపింది. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసిన మజ్జిగ వాసన నాకు నాలుగడుగుల దూరం నుంచే తగిలింది.

‘తీసుకోకూడదమ్మా’ అన్నాను, ఆగకుండా.

‘ఏందే? మజ్జిగే గదే!’

‘రూలమ్మమ్మా’ అని మా అబ్బాయి వెనక నుంచి చెప్పడం వినిపించింది. అమ్మకి ఆ రూలు ఎంత అన్యాయంగా అనిపించిందో ఆమె వీపు చూస్తేనే తెలుస్తుంది అని వాడు తర్వాత అన్నాడు.

మొదటి రౌండు 48 నిమిషాలు. రెండో రౌండులో కడుపు ఎదురు తిరిగింది. తొమ్మిదో కిలోమీటరులో రోడ్డు పక్కకి వెళ్ళి ఓ కొబ్బరిచెట్టు పట్టుకుని నిలబడ్డాను. ఏమీ రాలేదు. వస్తే బాగుండేది. పిక్క పట్టేసింది, విదిలించుకుని నడిచాను. దూరపు టేబుల్ దగ్గరికి పోతే నీళ్ళ క్యాన్లు ఖాళీ. ఐసు కూడా అయిపోయింది. అక్కడున్న కాలేజీ పిల్లలు తమ తప్పేం లేకపోయినా ముఖాలు చిన్నబుచ్చుకుని సారీ చెప్తున్నారు. మిట్టమధ్యాహ్నం నడివయసు వాళ్ళని తారు రోడ్డు మీద పరిగెత్తించేటప్పుడు, అందులోనూ అంత ఫీజు తీసుకున్నాక, నీళ్ళు సరిపడా తెప్పించుకోవడం చేతకాదా? దీని మీద నిర్వాహకులకి ఈమెయిల్ రాశాను. జవాబు ఇంకా రాలేదు.

పిల్లల సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఇంకో మాట. పొద్దున సైకిల్ మీద సీసాలు అందించినప్పుడు వీళ్ళే ‘కమాన్ అక్కా’ అన్నారు. మధ్యాహ్నం ఒంటి గంటకి ‘మెల్లగా ఆంటీ’ అన్నారు. ఐదు గంటల్లో నేను ఎంత ముసలిదాన్నయ్యానో వేరే అద్దం అక్కర్లేదు.

చర్చి మలుపు మళ్ళీ వచ్చింది. అప్పటికి నేను నడుస్తున్నాను. అమ్మ ఈసారి చెయ్యి చాపలేదు, నాతో పాటు అరుగు పొడవునా నడిచింది. నా ముఖం చూసింది. తర్వాత అటూ ఇటూ చూసి, మా అబ్బాయితో గొంతు తగ్గించి ‘ఎవురు జూస్తార్రా, ఒక్క గుక్క’ అంది. వాడు నా వైపు చూశాడు. నిజం చెప్పాలంటే అక్కడ అఫీషియల్ ఎవరూ లేరు. ఉప్పు, నీళ్ళు, అల్లం, సరిగ్గా నా కడుపు అడుగుతున్నవే. ఆ ఎక్సెల్ షీట్ నేను కాక అమ్మ వేసుంటే ఇలా అయ్యేదే కాదు. వద్దని తలూపి ముందుకి నడిచాను. నిజాయితీ అని చెప్పుకోను. ఇంత కష్టం పడి ఒక్క గుక్క కోసం పేరు కొట్టేయించుకోవడమా అనే పిసినారితనమే ఎక్కువ.

తర్వాతి టేబుల్ దగ్గర నీళ్ళున్నాయి. ఓ పావుగంట తీపి ముట్టలేదు. మంచినీళ్ళు గుక్క గుక్కగా, నాలుక మీద చిటికెడు ఉప్పు, టోపీలో ఐసు ముక్కలు. నడక తప్ప పరుగు లేదు. కడుపులో కుండ నెమ్మదిగా ఖాళీ అయిందో ఏమో, ఒక పెద్ద తేన్పు వచ్చింది. జీవితంలో ఏ తేన్పుకీ అంత సంతోషించలేదు. ఆ తర్వాత గ్యాసు పోయిన కోలా సగం కప్పు. రెండో రౌండు గంట పట్టింది.

మూడో రౌండుకి టైము 1:41. మూడింటికి ఇంకా 79 నిమిషాలు, దూరం ఏడు కిలోమీటర్లు. నడిచినా సరిపోతుంది, కానీ పిక్క మళ్ళీ పట్టేస్తే సరిపోదు. కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకున్నాను. మూడు స్తంభాలు పరుగు, రెండు నడక. స్తంభం నీడ గీతంత సన్నగా ఉన్నా దాంట్లోంచే పరిగెత్తాలని పట్టుదల. ఉదయం కయాక్ పట్టుకుని వేలాడిన కండల మనిషి ఎదురొచ్చాడు. ఆయనా స్తంభాలే లెక్కపెడుతున్నాడనుకుంటా, నేను నడిచే చోట ఆయనా నడిచాడు. మళ్ళీ తలాడించుకున్నాం. పేరు ఇప్పటికీ తెలియదు.

చర్చి మలుపు, మూడోసారి. అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఈసారి సీసా కనిపించలేదు. దగ్గరికి వచ్చాక చూస్తే, కొంగు చాటున వెనక్కి పట్టుకుని ఉంది. నాకు కనబడకూడదని. ‘పో, పో’ అంది అంతే, మైపాడులో ఏనాడూ అనని మాట. స్తంభాల లెక్క ప్రకారం అది నడవాల్సిన చోటు. నడవలేదు.

2 గంటల 46 నిమిషాలకి గీత దాటాను. 8 గంటల 16 నిమిషాలు. మెడలో మెడల్ వేసి, మళ్ళీ ‘కంగ్రాట్స్ అక్కా’ అన్నారు. మా ఆయన ఫోటోలు తీశారు, అన్నిట్లోనూ నా కళ్ళు మూసుకునే ఉన్నాయి. కాలికున్న టైమింగ్ చిప్ విప్పడానికి వంగలేకపోతే మా అబ్బాయి విప్పాడు.

అమ్మ చర్చి దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చేసరికి నేను ఇసకలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. నా ముంజేతి మీద జెల్లీఫిష్ ఎర్రచార తడిమి చూసింది. ‘ఇప్పుడు తాగొచ్చా?’ అని నన్ను కాదు, మా అబ్బాయిని అడిగింది. వాడు తాగొచ్చన్నాక మూత తీసి ఇచ్చింది. ఎత్తిన సీసా దించకుండా సగం తాగేశాను. ఎండకి బాగా పులిసింది, నాలుక జివ్వుమంది.

‘పులిసిపోయిందమ్మా’ అన్నాను.

‘ఒంటిగంటప్పుడు కమ్మంగా ఉండింది’ అంది అమ్మ.